సారంగపాణి సారు దిద్దిన పాఠం

మా బడిలో సైన్సు చెప్పే సారంగపాణి సముద్రాన్ని కంటితో చూడకుండానే ఏడేళ్ళపాటు దాని గురించి పాఠం చెప్పాడు. ఇందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో వరంగల్లులో సముద్రాన్ని చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? నేను తెలుగు పంతుల్ని. అదే ఏడేళ్ళు స్వర్గలోకాన్ని వర్ణించి చెప్పాను. చూసొచ్చావా అని నన్ను ఒక్కడూ అడగలేదు. కాకపోతే స్వర్గానికి రైలు లేదు, సముద్రానికి ఉంది. చిక్కంతా అక్కడ వచ్చింది.

యాభై ఆరు జూన్‌లో, ఒకే వారంలో మేమిద్దరం మట్టెవాడలోని ఆ ప్రైవేటు బడిలో చేరాం. ఇద్దరివీ తాత్కాలిక ఉద్యోగాలే. నాది పంతుళ్ళ ఇల్లు, అతనిది కాశిబుగ్గలో నేతపని చేసే సాలోళ్ళ ఇల్లు. అతని తండ్రి రాజమల్లు శతరంజి జంపఖానాలు నేసేవాళ్ళకు నూలు రంగులద్ది ఇచ్చేవాడు. సారంగపాణి పొద్దున్నే లేచి తండ్రికి రంగు గంగాళాల దగ్గర సాయం చేసి, గబగబా స్నానం చేసి బడికి వచ్చేవాడు. ఎంత తోమినా గోళ్ళలో రంగు పోయేది కాదు. సార్ గోళ్ళు చూసి ఇవాళ ఎర్రనూలా నీలినూలా అని పిల్లలు పందేలు కాసుకునేవారు.

సన్నగా, కొంచెం వంగి నడిచే మనిషి. మెట్రిక్ దాకా ఉర్దూలో చదివాడు. ఇక్కడేమో తెలుగులో చెప్పాలి. రాత్రంతా తెలుగు మాటలు బట్టీపట్టి, పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, “పంతులూ, బాష్పీభవనం అంటే ఆవిరైపోవుడే కద? మరి ఆవిరైపోవుడు అనే చెప్తే ఎవలన్న కొడుతరా?” అనేవాడు. నేను విసుక్కునేవాణ్ణి. తెలుగు పంతులు విసుక్కోకపోతే గౌరవం ఏముంటుంది?

కానీ పాఠం చెప్పడంలో నేను అతని కాలిగోటికి సరిపోను. ఈ మాట ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గాని, అప్పట్లో చంపినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఎనిమిదో తరగతికి సముద్రాల పాఠం వచ్చిందంటే పిల్లల్ని కాశిబుగ్గకు తీసుకుపోయేవాడు. అక్కడ ఇంటి ముందు వాళ్ళ నాన్న గంగాళం ఉడుకుతూ ఉండేది. అద్దకంలో ఉప్పు వేస్తారు, రంగు నూలుకు పట్టాలని. నీళ్ళు ఇగిరిపోయాక గంగాళం అంచుకు తెల్లటి ఉప్పు పెచ్చులా మిగిలేది. దాన్ని గోటితో గీకి చూపించేవాడు.

“వాన పడుతది. రాళ్ళను, మట్టిని కడుగుతది. వాటిల ఉన్న ఉప్పు జరంత జరంత వాగులకు, వాగుల నుంచి నదులకు, నదుల నుంచి సముద్రానికి పోతది. ఎండకు నీళ్ళు ఆవిరైతయి. ఉప్పు పోతదా? పోదు. ఎన్ని కోట్ల ఏండ్ల సంది ఈ పని జరుగుతాందో! కిలో సముద్రపు నీళ్ళల్ల ముప్పై అయిదు గ్రాముల ఉప్పుంటది.”

అప్పుడే కొత్తగా కిలోలు, గ్రాములు వచ్చాయి. మట్టెవాడ దుకాణాల్లో ఇంకా సేర్లతోనే మాట్లాడుతున్నారు. మా పిల్లలకు గ్రాములు వచ్చింది సముద్రం పుణ్యమా అనే.

ఊరగాయ గాజుజాడీలో మంచినీళ్ళు పోసి, వేరే గిన్నెలో ఉప్పునీళ్ళకు ఎర్రరంగు కలిపి, జాడీ అంచున మెల్లగా జారవిడిచేవాడు. ఎర్రనీళ్ళు నేరుగా అడుక్కు దిగి పరుచుకునేవి. ఉప్పెక్కువైన నీళ్ళు, బాగా చల్లబడ్డ నీళ్ళు బరువెక్కి ఇలాగే కిందికి దిగుతాయని, సముద్రం అడుగున మనకు కనపడని నదులు పారుతుంటాయని చెప్పేవాడు. ఇక అలల పాఠం వీధిలో. కాశిబుగ్గ వీధుల్లో పొడుగునా పడుగు దారాలు సాగదీసి కట్టి ఉంటాయి కదా. అందులో ఒక దారానికి గుడ్డపీలిక కట్టి, ఈ కొసన చేత్తో ఒక్క ఊపు ఊపేవాడు. ఊపు ఆ కొసదాకా ఉరికేది. పీలిక మాత్రం ఉన్నచోటే లేచి పడేది.

“చూసిన్రా? అల పోయింది. పీలిక పోయిందా? సముద్రంల కూడ అంతే. అల ఉరుకుతది, నీళ్ళు ఉన్నకాడనే లేసి పడుతయి.”

నేనూ వెనకాలే పోయి, చెట్టుచాటు నుంచి విని ఇంటికి పోయి మా అమ్మకు చెప్పేవాణ్ణి. ఆమె మా ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్ళకు చెప్పేది. అలా మా వీధిలో సగంమందికి సముద్రం తెలిసింది.

ఆటుపోట్ల దగ్గర అతను తప్పు చెప్పాడు. చంద్రుడి ఆకర్షణకు సముద్రం ఉబ్బుతుందని అతను చదివిన పుస్తకంలో ఉంది. ఆ తరువాతి పేజీని చెదలు తిన్నాయి. మిగతాది తనే ఆలోచించుకున్నాడు. చంద్రుడు రోజుకొక్కసారి నెత్తిమీదికి వస్తాడు కాబట్టి పోటు కూడా రోజుకొక్కసారే రావాలి. లెక్క నాకూ సబబుగానే తోచింది. పిల్లలకు గుర్తుండేలా ఒక పోలిక కూడా చెప్పేవాడు.

“మన మునిసిపాలిటీ నల్లా లెక్క. రోజుకొక్కపారే వస్తది. నల్లాకు టైమున్నట్టే సముద్రానికి చంద్రుడు.”

నల్లా దగ్గర బిందెలు పెట్టి తన్నుకునే ఇళ్ళ పిల్లలు వాళ్ళు. ఈ పోలిక మరిచిపోతారా? ఏడేళ్ళలో మూడు వందల పైచిలుకు పిల్లలు ఆ మాట నేర్చుకుని పోయారు.

అరవై మూడు ఫిబ్రవరిలో మాఘ పౌర్ణమి వచ్చింది. కాశిబుగ్గవాళ్ళు ఓ ఇరవైమంది బందరు దగ్గర సముద్రస్నానానికి బయలుదేరారు. మామూలు రోజుల్లో సముద్రాన్ని ముట్టకూడదని, అమావాస్యకూ పౌర్ణమికీ మునగొచ్చని మనవాళ్ళ ఆచారం. సారంగపాణి ఎగిరి గంతేశాడు. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగే రోజులు అవే, పోటు మిక్కిలిగా వచ్చేది అప్పుడేనని అతనికి తెలుసు. ఇన్నేళ్ళు చెప్పిన పాఠాన్ని కళ్ళారా చూడబోతున్నాడు. మా అమ్మ భద్రమ్మ నేనూ వస్తానంది. ఆమెకు మోకాళ్ళు పట్టేసి, పట్టుకుని లేపితే గాని లేవలేదు. చేసేది లేక నేనూ కదిలాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ మార్చిలో బడికి ఇన్‌స్పెక్షన్ ఉంది. వచ్చే అధికారి రాసే రిపోర్టును బట్టే మా ఇద్దరి ఉద్యోగాలు పర్మనెంట్ అయ్యేది, కానిది తేలుతుంది. ఏడేళ్ళు ఎదురుచూసిన గడియ అది. కాకపోతే నాకు పొలం ఉంది, తినడానికి లోటు లేదు. అతనికి ఉన్నది తండ్రి గంగాళాలూ, ఇద్దరు చిన్నపిల్లలూ. పోయే ముందు రోజు అతనే అన్నాడు, “పర్మనెంట్ అయితే చాలు పంతులూ, మా నాయనను ఆ పొగ కాడికెళ్ళి లేపుత.”

బెజవాడలో రైలు మారి, బందరులో దిగి, బండ్లు కట్టించుకుని తెల్లవారే వేళకు ఒడ్డుకు చేరాం. నేను ఏం చూశానో చెప్పమంటే చెప్పలేను. సారంగపాణి చెప్పులు చేతపట్టుకుని నిలబడి, చాలాసేపు రెప్ప వేయలేదు. తరువాత వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుక మీద పెట్టుకుని, “ముప్పై అయిదు గ్రాములు,” అన్నాడు.

పొడి ఇసుక నుంచి నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి ఉన్నాయి. మేం నిలబడ్డచోట ఇసుక తడిగా, గట్టిగా ఉంది. మూటలన్నీ ఎక్కడ పెట్టాలని ఆడవాళ్ళు అడిగారు. అందరూ చూసేది సైన్సు సారు వైపే. మా వెనకాల, గవ్వలూ ఎండునాచూ గీతలా పేరుకుని ఉన్న చోటును సారంగపాణి చూపించాడు.

“అగో, రాత్రి చంద్రుడు నెత్తిమీదున్నప్పుడు నీళ్ళు ఆడిదాక వచ్చినయి. ఇప్పుడు చంద్రుడు దిగిపోతాండు. ఇగ పొద్దంత నీళ్ళు రావు. ఫికర్ లేదు. ఈడనే పెట్టున్రి.” మా అమ్మ దగ్గరికి వచ్చి, “అమ్మా, నువ్వు ఈడ కూసో. మూటలు చూసుకుంట ఉండు. మేం ముందుగాల మునిగొచ్చి, నిన్ను ఎత్తుకపోయి ముంచుతం,” అన్నాడు.

చెరువుల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళం. చెరువులో నీళ్ళు పొద్దున ఎక్కడుంటే సాయంత్రం అక్కడే ఉంటాయి. తడిఇసుక మీద మూట పెట్టకూడదని మాలో ఒక్కరికీ తట్టలేదు. అందరం నీళ్ళల్లోకి పోయాం. మునిగినవాళ్ళం మునిగినట్టే ఉన్నాం. అలలు తోస్తుంటే ముసలివాళ్ళు కూడా పిల్లల్లా కేరింతలు కొట్టారు. ఎంతసేపయిందో ఎవరికి తెలుసు?

కేక వినబడింది. వెనక్కి తిరిగి చూస్తే మా మూటలు తేలుతున్నాయి. మా అమ్మ నడుముదాకా నీళ్ళు. లేవబోయి, లేవలేక, రెండు చేతులూ ఇసుకలోకి దింపి ఎలాగో ఆపుకుని ఉంది. ఒక అల వచ్చి తలమీదుగా పోయింది. నేను పరుగెత్తాననుకున్నాను. కాళ్ళు కదల్లేదని తరువాత తెలిసింది. పరుగెత్తింది సారంగపాణి. అతనికన్నా ముందు పడవ దగ్గరున్న ఒక చేపలాయన చేరి, ఆమెను మూటను ఎత్తినట్టు ఎత్తి పైకి తెచ్చాడు.

“పోటొత్తంటే ముసలమ్మని అక్కడ కూకోబెడతారా?” అని మమ్మల్ని తిట్టాడు.

“పగటిపూట పోటేంది?” అన్నాడు సారంగపాణి, రొప్పుతూ.

“పగలేంది, రేత్రేంది? రోజుకి రెండుమాట్లు వత్తాది. మీ ఊళ్ళో తెలవదా?”

మా అమ్మ కాసేపు దగ్గి, నీళ్ళు ఉమ్మి, ముఖం తుడుచుకుని నవ్వింది. “నేను పోలేనని సముద్రుడే నా దగ్గరికొచ్చి స్నానం చేయించిండు. ఎందుకు నాయనా, గట్ల ఏడుస్తవు?” అంది. ఏడుస్తున్నది నేను కాదు, సారంగపాణి.

అందరూ నానిపోయిన సద్దిమూటలు విప్పి ఆరబెట్టుకున్నారు. అతను మాత్రం తిండి ముట్టలేదు. నా చేతి గడియారం అడిగి తీసుకున్నాడు. సరుగుడు పుల్లలు ఏరుకొచ్చి, నీళ్ళు ఎక్కడిదాకా వస్తే అక్కడ ఒకటి పాతాడు. తొమ్మిదికి నీళ్ళు అన్నిటికన్నా మీదికి వచ్చాయి. తరువాత దిగడం మొదలయింది. మధ్యాహ్నం మూడింటికి పొద్దున్నకన్నా దూరం పోయాయి. మళ్ళీ ఎక్కడం మొదలయింది. పొద్దుగూకే వేళకు చంద్రుడు ఇంకా అప్పుడే సముద్రంలోంచి లేస్తున్నాడు. నీళ్ళేమో అతన్ని అడక్కుండానే సగం దూరం వచ్చేశాయి. రాత్రి తొమ్మిది దాటేసరికి ఉదయం పాతిన పుల్లను మళ్ళీ తాకాయి. మర్నాడు పొద్దున తొమ్మిదికి రాలేదు. పదింటికి పది నిమిషాలున్నప్పుడు వచ్చాయి.

తిరుగు రైలు డోర్నకల్‌లో ఆగింది. అక్కడ చాయ్ తాగుతూ సారంగపాణి, “ఏడేండ్లు పంతులూ,” అన్నాడు. “మూడు వందల పన్నెండు మంది.”

“అయితే ఏంది? రేపు క్లాసుల సరిగ్గ చెప్పు. అయిపాయె.”

“పాసై పోయినోళ్ళకో?”

“పాసై పోయినోళ్ళకు సముద్రంతోని ఏం పని?”

“మీ అమ్మకు మాత్రం ఏం పనుండే?”

అతనే మళ్ళీ అన్నాడు, “నల్లా మాట చెప్పకపోతే ఎప్పుడో మర్చిపోయేటోళ్ళు. మర్చిపోకుంట చెప్పింది నేనే కద.”

మర్నాటి నుంచి అతను హనుమకొండ గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు రోజులకు రెండో పోటు రహస్యం దొరికింది. అయిదో రోజు క్లాసులో, “నేను మీకు తప్పు చెప్పిన,” అని మొదలుపెట్టాడట. ముగ్గురు పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒకరికీ ఇంకొకరికీ మధ్య నూలు చిలప, అంటే వదులుగా చుట్టిన దారపు కట్ట, పట్టించాడు. ముందున్నవాడు చంద్రుడి వైపు నీళ్ళు. మధ్యవాడు భూమి. వెనకవాడు అవతలి వైపు నీళ్ళు. చంద్రుడు దగ్గరున్నదాన్ని గట్టిగా లాగుతాడు, దూరమున్నదాన్ని మెల్లగా లాగుతాడు. కాబట్టి ముందువాడు వేగంగా, మధ్యవాడు కొంచెం నిదానంగా, వెనకవాడు ఇంకా నిదానంగా నడవాలి. నడిచారు. మధ్యవాడికి రెండు వైపులా చిలపలు సాగాయి. అంటే నీళ్ళు చంద్రుడి వైపూ ఉబ్బుతాయి, అవతలి వైపూ ఉబ్బుతాయి. భూమి ఒక్క చుట్టు తిరిగేలోగా ఒడ్డు ఈ రెండు ఉబ్బుల కిందుగా పోతుంది. అందుకే రోజుకు రెండుసార్లు. ఈలోగా చంద్రుడు కూడా తన దారిన కాస్త ముందుకు జరుగుతాడు కనుక మర్నాడు యాభై నిమిషాలు ఆలస్యం. ఇక పోటు ఏ ఊళ్ళో ఎన్నింటికన్నది ఆ ఊరి ఒడ్డును బట్టి, లోతును బట్టి మారుతుందని, అది తనకింకా పూర్తిగా తెలియదని కూడా చెప్పాడు. తెలియదని పంతులు చెప్పడం ఆ పిల్లలు మొదటిసారి విన్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. పాత హాజరు పట్టీలు దులిపి, మూడు వందల పన్నెండు పేర్లు వరసగా రాసుకుని, బడి అయిపోగానే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. మట్టెవాడలో ఒక బట్టల దుకాణంలోకి పోయి, బేరం మధ్యలో ఉన్న పాత విద్యార్థిని ఆపి, “ఏం రామ్, నీకు ఆటుపోట్లు రోజుకొక్కపారని చెప్పిన. తప్పు. రెండుపార్లు,” అని చెప్పి, పేరు కొట్టేసుకుని, పక్క దుకాణంలోకి పోయేవాడు. కొందరు పెళ్ళిపిలుపుకు వచ్చాడనుకుని కుర్చీ వేశారు. కొందరు చందాకనుకుని లోపల దాక్కున్నారు. వారం తిరిగేసరికి ఊళ్ళో అతనికి ‘రెండుపార్ల సారు’ అని పేరు పడింది.

హెడ్మాస్టరు రామలింగం గారు పిలిచి తలుపు వేసి చెప్పారు. “సారంగపాణీ, ఇన్‌స్పెక్షన్ నెత్తి మీదున్నది. ఏడేండ్లు తప్పు చెప్పిన అని నువ్వే దండోరా కొడుతానవ్. అది ఆయన చెవుల పడితే నీ పర్మనెంట్ గతేంగాను? అయ్యేదాక జర నోరు మూసుకో.”

“అయ్యేదాక మూసుకుంటే పదో తరగతి పిల్లలు పెద్ద పరీక్షల ఒక్కపారని రాసొస్తరు సార్. నా దగ్గర ఎనిమిదిల చదివినోళ్ళే వాళ్ళంత.”

నేను వాళ్ళ నాన్న దగ్గరికి పోయాను, కాస్త గడ్డి పెట్టమని. రాజమల్లు పొగలో కళ్ళు నలుపుకుంటూ, గంగాళంలో కర్ర తిప్పుతూ అంతా విన్నాడు. “పంతులూ, రంగు దిగే నూలు ఒక్క కట్ట బజారుకు పోయిందంటే, దొరికినంత వాపసు తెప్పిస్త నేను. పోయినోళ్ళ ఇండ్లకు పోయి అడిగి తెస్త. శతరంజిల పడి, ఇంకొకని ఇంట్ల పరిచినంక రంగు దిగితే ఎవని పేరు చెప్తరు? వాడు నన్ను చూసే నేర్చిండు. నేనేమని చెప్పాలె?” అన్నాడు. ఆ మనిషిని పొగ దగ్గర నుంచి లేపడానికే కొడుకుకు పర్మనెంట్ కావాలి. నేను తిరిగొచ్చేశాను.

మార్చి మొదటివారంలో అధికారి వచ్చాడు. నా క్లాసులో పది నిమిషాలు కూర్చుని, పద్యం రాగంగా చదివించానని మెచ్చుకుని లేచాడు. తరువాత సారంగపాణి క్లాసు. నేను పక్క గదిలో నా పిల్లలకు రాత పెట్టి, గోడకు చెవి ఆనించాను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

జాడీలో ఎర్రనీళ్ళు చూసి అధికారి ముచ్చటపడ్డాడు. ఉప్పు లెక్క అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది. అలల సంగతి అడిగితే పీలిక కథ చెప్పారు. అంతా గెలిచినట్టే. చివరగా, ఆటుపోట్లు రోజుకెన్నిసార్లు అని అడిగాడు. మట్టెవాడ కిరాణా కొట్టు ఆయన కూతురు నిర్మల లేచింది. తెలివైన పిల్ల.

“రెండుపార్లు సార్. ముందుగాల మా సారు ఒక్కపారే అని చెప్పిండు. తప్పట. మా అన్నకు గూడ తప్పే చెప్పిండట. మొన్న మా ఇంటికొచ్చి ఇద్దరికీ దిద్దిపోయిండు.”

ఆ పిల్ల గొంతులో గర్వం తప్ప ఇంకేమీ లేదు. అధికారి సారంగపాణితో, “ఎన్నేళ్ళు తప్పు చెప్పారు మీరు?” అన్నాడు.

“ఏడేండ్లు సార్. మూడు వందల పన్నెండు మందికి. రెండు వందల నాలుగు మందికి దిద్దిన. కడమోళ్ళు ఊర్లల్ల ఉన్నరు.”

“చూడండి, మీరు ఒప్పుకున్నాక నేను రాయకుండా ఉండలేను.”

“రాయున్రి సార్. చెప్పింది తప్పే కద.”

గోడకు ఇవతల నాకు కోపం ముంచుకొచ్చింది. అతనిమీదా, ఆ అధికారిమీదా, పాపం ఆ నిర్మలమీదా. ఎవరిమీద పెట్టుకోవాలో తెలియని కోపం. రాతలో ఒక పిల్ల దీర్ఘం మరిచిపోతే తల మీద ఒక్కటి మొట్టాను.

జూన్‌లో ఉత్తర్వులు వచ్చాయి. నాకు పర్మనెంట్ అయింది. సారంగపాణి విషయం మూడేళ్ళ తరువాత మళ్ళీ చూడవచ్చునని రాశారు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఊపి, “మిఠాయి తినిపియ్యవా?” అన్నాడు. తినిపించాను. అంతకన్నా చేదు మిఠాయి నేను తినలేదు.

ఆ సంవత్సరమంతా సెలవు రోజుల్లో అతను ఊళ్ళు తిరిగాడు. ఒక ఆదివారం నేనూ వెంట పోయాను. ఎందుకు పోయానో నాకే తెలుసు. రఘునాథపల్లిలో రైలు దిగి, రెండు మైళ్ళు నడిచి, యాకయ్య అనే పాత విద్యార్థి పొలం చేరాం. మూడేళ్ళు మట్టెవాడలో మేనమామ ఇంట్లో ఉండి చదివి, తండ్రి పోతే చదువు మానేసిన పిల్లవాడు. ఇప్పుడు మీసాలు వచ్చాయి, పెళ్ళయింది. మోట ఆపి ఉరికొచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. సంగతి విని తెల్లబోయాడు.

“నాకు సముద్రమెందుకు సార్? ఈ బాయిల నీళ్ళే అందుతలేవు.”

“నీకెందుకో నాకు తెల్వదు బిడ్డా. నా నోటితోని తప్పు చెప్పిన. నా నోటితోనే దిద్దాలె.”

యాకయ్య మొహంలో నవ్వు పోయింది. భార్యను కేకేసి పిలిచాడు. సారంగపాణి సంచిలోంచి చిలపలు తీశాడు. యాకయ్య చంద్రుడి వైపు నీళ్ళు, అతని భార్య భూమి, నేను అవతలి వైపు నీళ్ళు. మడికట్టు మీద ముగ్గురం వరసగా నడిచాం. ఆ అమ్మాయి సిగ్గుతో మెలికలు తిరిగిపోయింది. యాకయ్య మాత్రం రెండు చిలపలూ సాగడం చూసి, “అరే, వెనకాల గూడ ఉబ్బుతది కద సార్!” అని అరిచాడు. సారంగపాణి ముఖం వెలిగిపోయింది. కాగితం మీద పేరు కొట్టేశాడు. అలా రెండు వందల తొంభై దాకా కొట్టేశాడు. మిగతావాళ్ళ జాడ దొరకలేదు. ఆ కాగితం ఇప్పటికీ అతని జేబులో ఉంది.

అతనికి అరవై ఆరులో పర్మనెంట్ అయింది. అప్పటికి రాజమల్లుకు చూపు పూర్తిగా మందగించింది. నిరుడు రామలింగం గారు రిటైరయితే హెడ్మాస్టరు కుర్చీ ఖాళీ అయింది. ఒకే వారంలో చేరిన ఇద్దరిలో నాకు మూడేళ్ళ సీనియారిటీ ఎక్కువ. కుర్చీ నాకొచ్చింది. దండ వేసింది సారంగపాణే. ఆ రోజు అతని గోళ్ళలో పచ్చరంగు ఉంది.

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. తొమ్మిదో తరగతిలో నేను చెప్పే ఒక పద్యానికి మొదటి ఏడు తప్పు అర్థం చెప్పాను. రెండో ఏడు హనుమకొండలో ఒక పెద్ద పండితుణ్ణి కలిసినప్పుడు మాటల్లో అసలు అర్థం తెలిసింది. కానీ నేను చెప్పిన అర్థం వినడానికి ఇంపుగా ఉండేది, పిల్లలు చప్పట్లు కొట్టేవారు. దాన్నే చెబుతూ వచ్చాను. ఇన్‌స్పెక్షన్ నాడు రాగం తీసి చదివించి, అర్థం చెప్పి, మెప్పు పొందింది ఆ పద్యానికే. ఆ అర్థం చెప్పబట్టి పన్నెండేళ్ళయింది. ఎంతమంది పిల్లలో నేను లెక్క పెట్టుకోలేదు.

మొన్న మట్టెవాడ బజారులో మల్లికార్జున్ అనే పాత విద్యార్థి ఎదురుపడ్డాడు. ఇప్పుడు వాడూ ఎక్కడో పంతులే. నా రెండు చేతులూ పట్టుకుని, “సార్, మీరు చెప్పిన పద్యం నేను గూడ మా పిల్లలకు చెప్తాన,” అంటూ నడిబజారులో పద్యం చదివి, నా అర్థం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చుట్టూ నలుగురు ఆగి విన్నారు. చెప్పడానికి నోరు తెరిచాను. ఒక్క మాట, ఒక్క నిమిషం పని.

భుజం తట్టి, “శభాష్ బిడ్డా, మంచిగ గుర్తు పెట్టుకున్నవ్,” అన్నాను.